అమెరికా రచ్చబండ మీద 13 నిమిషాలు

2026 ఫిబ్రవరి 8న అమెరికాలో ఒకే విరామానికి రెండు కచేరీలు జరిగాయి. కాలిఫోర్నియాలోని శాంటా క్లారాలో సియాటెల్ సీహాక్స్, న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ జట్ల మధ్య అమెరికన్ ఫుట్‌బాల్ వార్షిక ఫైనల్ అయిన సూపర్ బౌల్ సగానికి చేరేసరికి, ప్యూర్టో రికో గాయకుడు బ్యాడ్ బన్నీ మైదానంలోకి వచ్చి దాదాపు మొత్తం స్పానిష్‌లోనే పాడాడు. అదే వేళకు టర్నింగ్ పాయింట్ యూఎస్ఏ అనే సంప్రదాయవాద సంస్థ, గాయకుడు కిడ్ రాక్‌ను ముందు నిలిపి, ‘ఆల్ అమెరికన్ హాఫ్‌టైమ్ షో’ పేరిట మరో కచేరీని యూట్యూబ్‌లో ప్రసారం చేసింది. మొదటిదాన్ని సుమారు 12.8 కోట్ల మంది చూశారు. రెండోదాన్ని యూట్యూబ్‌లో ఒకే క్షణాన చూస్తున్నవారి సంఖ్య 50 లక్షలు దాటింది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి ఒక వర్గం నవ్వుకుంటే, ఆటా మైదానమూ లేకుండా నాలుగు నెలల్లో కట్టిన వేదికకు అంతమంది రావడమే గెలుపని రెండో వర్గం సంబరపడింది.

లెక్కలు ఎవరికి ఎలా కలిసొచ్చినా, పన్నుల గురించీ సరిహద్దుల గురించీ న్యాయమూర్తుల నియామకాల గురించీ మాట్లాడవలసిన రాజకీయ వ్యాఖ్యాతలు ఒక ఆట మధ్యలో వచ్చే 13 నిమిషాల పాటల మీద అన్ని నెలలు ఎందుకు మాట్లాడారన్నది ఆలోచించదగిన విషయం. జవాబులో కొంత టీవీ గణాంకాల్లోనే దొరుకుతుంది. 2023లో అమెరికన్లు అత్యధికంగా చూసిన 100 ప్రసారాల్లో 93 నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ మ్యాచ్‌లే. ఒకప్పుడు దేశమంతా ఒకే రాత్రి ఒకే హాస్య ధారావాహిక చూసేది, రెండు మూడు చానెళ్ల వార్తలనే నమ్మేది. కేబుల్, ఇంటర్నెట్, స్ట్రీమింగ్ వచ్చి ఆ గుంపును ముక్కలు చేశాక, ఊరంతా చేరే రచ్చబండ ఒక్కటే మిగిలింది. ఒక్కటే మిగిలినప్పుడు దాని మీద ఎవరు కూర్చున్నారు, ఏ భాషలో మాట్లాడారు, జెండాకు ఎలా దండం పెట్టారు అన్నవన్నీ రాజకీయాలే అవుతాయి. సంప్రదాయవాద వ్యాఖ్యానం ఆటనూ పాటనూ పట్టుకుని నడిపే తగాదా నిజానికి ఈ రచ్చబండ మీది హక్కు కోసమే.

ఈ తగాదా బ్యాడ్ బన్నీతో పుట్టలేదు. 1968 అక్టోబరు 7న డెట్రాయిట్‌లో బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ అయిదో మ్యాచ్‌కు ముందు, పుట్టుకతోనే చూపులేని 23 ఏళ్ల యువకుడు గిటార్‌తో నిలబడి జాతీయ గీతాన్ని నెమ్మదిగా, తనకు అలవాటైన లాటిన్ బాణీ కలిపి పాడాడు. అతని పేరు హోసే ఫెలిసియానో, పుట్టింది ప్యూర్టో రికోలో. పాట ముగిసేలోపే ప్రసార సంస్థకు ఫోన్లు వెల్లువెత్తాయి. వియత్నాం యుద్ధం నడుస్తున్న కాలం కావడంతో, గీతాన్ని మార్చి పాడటాన్ని చాలామంది తిరుగుబాటుగానే తీసుకున్నారు. ఆయన మాత్రం దేశం పట్ల కృతజ్ఞతతోనే పాడానని ఆ తర్వాత చెబుతూ వచ్చాడు. ఆ రికార్డు బిల్‌బోర్డ్ జాబితాకు ఎక్కింది. అయినా ఆయన పాటలు చాలా కాలం రేడియోలో తక్కువగానే వినిపించాయి. ప్యూర్టో రికో ప్రజలు 1917 నుంచి అమెరికా పౌరులే. ఆ పౌరసత్వానికి అప్పటికే యాభై ఏళ్లు దాటాయి, ఇప్పటికి వందేళ్లు దాటాయి. అయినా రచ్చబండ దగ్గర ప్యూర్టో రికో గొంతు వినిపించగానే ‘ఇతను మనవాడేనా’ అన్న ప్రశ్న 58 ఏళ్ల తర్వాత మళ్లీ లేచింది.

1968కీ ఇప్పటికీ మధ్య మారింది ఆగ్రహం కాదు, ఆగ్రహాన్ని సరుకుగా మలిచే యంత్రాంగం. అప్పుడు కోపం వచ్చినవాడు ఫోన్ చేసి ఊరుకున్నాడు. వివాదాస్పద విషయాల్లో ఇరుపక్షాల వాదనా వినిపించాలని ప్రసార సంస్థలను 1949 నుంచి కట్టడి చేస్తూ వచ్చిన ‘ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్’ 1987లో రద్దయింది. మరుసటి ఏడాది ఆగస్టులో సంప్రదాయవాద వ్యాఖ్యాత రష్ లింబా రేడియో కార్యక్రమం దేశవ్యాప్తమైంది. 1996 అక్టోబరులో రూపర్ట్ మర్డోక్ ఫాక్స్ న్యూస్ మొదలైంది. రోజుకు మూడు గంటలు ఒక్క గొంతే మాట్లాడాలంటే పార్లమెంటు బిల్లులు సరిపోవు. వినేవాడు నిన్న రాత్రి చూసిన సినిమా, ఆదివారం చూసిన మ్యాచ్, పిల్లలు వింటున్న పాట కావాలి. వీటి మీద మాట్లాడటానికి వ్యాఖ్యాతకు ప్రత్యేక పరిజ్ఞానం అక్కర్లేదు, శ్రోతకూ అక్కర్లేదు. ఈ సౌలభ్యాన్ని తక్కువ అంచనా వేయకూడదు.

లింబా స్వయంగా క్రీడా వేదికనూ ఎక్కాడు. 2003లో క్రీడా చానెల్ ఈఎస్‌పీఎన్ ఆయనను ఫుట్‌బాల్ చర్చా కార్యక్రమంలోకి తీసుకుంది. నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ (జట్టు ఆటను నడిపించే ప్రధాన ఆటగాడు) విజయవంతం కావాలని మీడియా కోరుకుంటోందని, అందుకే డొనోవన్ మెక్‌నాబ్‌కు అర్హతకు మించిన పేరు దక్కిందని ఆయన అన్న కొద్ది రోజులకే రాజీనామా చేయవలసి వచ్చింది. ఆరేళ్ల తర్వాత సెయింట్ లూయిస్ రామ్స్ జట్టును కొనబోయిన బృందం ఆయనను తప్పించింది. 2020లో అదే మనిషికి అధ్యక్షుడు ట్రంప్ పార్లమెంటు ఉభయసభల సాక్షిగా అత్యున్నత పౌర పురస్కారం అందజేశారు. 2021లో లింబా మరణించాక ఆ రేడియో సమయాన్ని దక్కించుకున్న ఇద్దరిలో ఒకరు క్లే ట్రావిస్. ఆయన పేరు తెచ్చుకున్నది రాజకీయాల్లో కాదు, అవుట్‌కిక్ అనే క్రీడా వెబ్‌సైట్‌తో. రాజకీయ వ్యాఖ్యాత క్రీడల్లోకి వెళ్లి భంగపడిన పద్దెనిమిదేళ్లకు క్రీడా వ్యాఖ్యాత వచ్చి రాజకీయ పీఠం మీద కూర్చున్నాడు. వినేవారికి ఆ మార్పు పెద్దగా తెలియలేదు కూడా.

ఇక 2004 ఫిబ్రవరి 1 నాటి సంగతి. హ్యూస్టన్‌లో సూపర్ బౌల్ విరామంలో గాయకుడు జస్టిన్ టింబర్‌లేక్ లాగడంతో గాయని జానెట్ జాక్సన్ ఛాతీ మీది దుస్తులు చినిగాయి. తెరపై ఆ దృశ్యం సెకను కన్నా తక్కువసేపే, లెక్కగట్టిన వారి ప్రకారం పదహారింట తొమ్మిది వంతులు మాత్రమే కనిపించింది. ప్రసారాలను నియంత్రించే ఎఫ్‌సీసీకి 5.4 లక్షలకు పైగా ఫిర్యాదులు అందాయి. వాటిలో సుమారు 65 వేలు తమ ద్వారా వెళ్లినవేనని సంప్రదాయవాది బ్రెంట్ బోజెల్ స్థాపించిన పేరెంట్స్ టెలివిజన్ కౌన్సిల్ చెప్పుకుంది. ఆ ఆటను ప్రసారం చేసిన సీబీఎస్ సొంత స్టేషన్లు ఇరవైకీ తలా 27,500 డాలర్ల చొప్పున మొత్తం 5.5 లక్షల డాలర్ల జరిమానా పడింది. ఇలాంటి జరిమానాలను పది రెట్లు పెంచుతూ 2006లో చట్టం వచ్చింది. అసలు జరిమానా మాత్రం ఎనిమిదేళ్లు కోర్టుల్లో తిరిగి చివరికి చెల్లకుండా పోయింది. లీగ్ భయపడి వరుసగా కొన్నేళ్లు పాల్ మెకార్ట్‌నీ, రోలింగ్ స్టోన్స్ వంటి పాతకాలపు పెద్దలనే పిలిచింది. ఆ రోజు సంప్రదాయవాదులు కోరింది ప్రభుత్వం శిక్షించాలని. కుటుంబమంతా కూర్చుని చూసే వేళ మర్యాద పాటించాలన్న ఆ వాదనలో బలం ఉంది. పిల్లలున్న ఏ ఇంట్లోనైనా అది చెల్లుబాటయ్యే మాటే. ఆ సంఘటనకు మరో ఫలితం కూడా దక్కింది. ఆ దృశ్యం ఇంటర్నెట్‌లో వెదికితే దొరక్క పడిన అవస్థ కూడా యూట్యూబ్ ఆలోచనకు ఒక కారణమని దాని స్థాపకుల్లో ఒకరైన జావెద్ కరీం చెప్పారు. 2026లో సంప్రదాయవాదుల పోటీ కచేరీ నడిచింది ఆ యూట్యూబ్‌లోనే.

మర్యాద ప్రశ్న తేలిక, జెండా ప్రశ్న చిక్కు. 2016లో శాన్ ఫ్రాన్సిస్కో జట్టు క్వార్టర్‌బ్యాక్ కాలిన్ కాపర్నిక్ నల్లజాతీయులపై పోలీసుల హింసకు నిరసనగా జాతీయ గీతం వేళ మొదట కూర్చుండిపోయాడు. మాజీ సైనికుడు నేట్ బోయర్‌తో మాట్లాడాక, సైనికుల పట్ల గౌరవం చెడకుండా ఉండాలని, నేలకు ఒక మోకాలు ఆనించడం మొదలుపెట్టాడు. 2017 సెప్టెంబరు 22న అలబామాలోని హంట్స్‌విల్ సభలో ట్రంప్ అలాంటి ఆటగాళ్లను జట్ల యజమానులు అక్కడికక్కడే తీసేయాలని, ఒక బూతు మాట కూడా జోడించి, పిలుపునిచ్చారు. మరుసటి ఏడాది బాస్కెట్‌బాల్ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్ రాజకీయాలు మాట్లాడినందుకు ఫాక్స్ వ్యాఖ్యాత లారా ఇంగ్రహామ్, నోరు మూసుకుని బంతి ఆడించుకొమ్మన్న అర్థం వచ్చేలా అన్న మాట చాలా కాలం నానింది. ఆటలోకి రాజకీయాలు తేవద్దు, మేం టికెట్టు కొన్నది ఆట చూడటానికి అన్నది వీరి వాదనలోని సారం. అందులో సామాన్య ప్రేక్షకుడి విసుగు నిజంగానే ఉంది. ఆదివారం రెండు గంటలు లోకాన్ని మరచిపోదామని కూర్చున్నవాడికి అక్కడా పాఠం చెప్పబోతే చిరాకు రాక మానదు.

కానీ మైదానంలో రాజకీయాలు అంతకు ముందే ఉన్నాయి. 2009కి ముందు రాత్రి పూట ప్రధాన మ్యాచ్‌లలో ఆటగాళ్లు గీతం వేళకు మైదానంలో వరుస కట్టే ఆనవాయితీయే ఉండేది కాదు, డ్రెస్సింగ్ గదుల్లోనే ఉండేవారు. సైనికులను సన్మానించడం, పెద్ద జెండాలు పరచడం వంటి కార్యక్రమాల కోసం రక్షణ శాఖ క్రీడా జట్లకు ప్రజాధనం నుంచి 68 లక్షల డాలర్లు చెల్లించిందని 2015లో ఒక నివేదిక బయటపెట్టింది. రాసింది వామపక్షం వారు కాదు. అరిజోనా రిపబ్లికన్ సెనేటర్లు జాన్ మెకెయిన్, జెఫ్ ఫ్లేక్. దేశభక్తిని అద్దెకు తెచ్చుకోవడం వారికి నచ్చలేదు. ఫుట్‌బాల్ లీగ్ ఆ తర్వాత 7 లక్షల డాలర్లకు పైగా వెనక్కి ఇచ్చింది. ఈ వ్యవహారంలో నిజాయితీ గల సంప్రదాయవాద వ్యాఖ్యానం ఎక్కడైనా ఉందంటే ఆ నివేదికలోనే ఉందనిపిస్తుంది, ఎందుకంటే అది ఎదుటివారి జెండా కాకుండా తమవారి జెండా ఎవరి డబ్బుతో ఎగిరిందో అడిగింది.

ఈ ద్వంద్వ వైఖరి ఒక పక్షానికే పరిమితం కాదు. 2010 సూపర్ బౌల్‌లో ఫుట్‌బాల్ ఆటగాడు టిమ్ టీబో, ఆయన తల్లి కలిసి గర్భస్రావానికి వ్యతిరేకంగా పరోక్షంగా మాట్లాడిన ప్రకటనను ఫోకస్ ఆన్ ద ఫ్యామిలీ అనే క్రైస్తవ సంస్థ ఇచ్చింది. దాన్ని వేయవద్దని, ఆటను ఆటగానే ఉంచాలని సీబీఎస్‌ను డిమాండ్ చేసినవి మహిళా హక్కుల సంఘాలు. తర్వాత టీబో మైదానంలో మోకాలిపై వంగి ప్రార్థిస్తే సంప్రదాయవాదులు మురిసిపోయారు. ఒకే మోకాలు, ఒకే గడ్డి. ఎవరి కోసం వంగిందన్న దాన్ని బట్టి అది భక్తో ద్రోహమో అయింది.

కోపం నిరసనగా, నిరసన బహిష్కరణగా మారింది. 2016, 2017 సీజన్లలో ఫుట్‌బాల్ వీక్షకులు తగ్గినప్పుడు అది మోకాలి ప్రభావమేనని వ్యాఖ్యాతలు గట్టిగా చెప్పారు. 2018లో సంఖ్య మళ్లీ పెరిగినప్పుడు ఆ లెక్క గురించి అంత గట్టిగా ఎవరూ మాట్లాడలేదు. 2023లో బడ్ లైట్ బీరు మీద పెట్టిన బహిష్కరణ మాత్రం గురి తప్పలేదు. ట్రాన్స్‌జెండర్ ఇన్‌ఫ్లుయెన్సర్ డిలన్ మల్వేనీతో చేసిన చిన్న ప్రచారం ఆ బీరును అమ్మకాల్లో మొదటి స్థానం నుంచి దించేసింది. ఆ స్థానంలోకి వచ్చింది మొడెలో, అంటే మెక్సికో మూలాలున్న బీరు. ఇలాంటి చమత్కారాలు మార్కెట్‌కే చేతనవుతాయి. ఒకచోట పారిన పాచిక మరోచోట ఎందుకు పారలేదంటే, దుకాణం అరలో బడ్ లైట్ పక్కనే అదే ధరకు అదే రుచి ఉన్న బీరు మరొకటి ఉంటుంది. సూపర్ బౌల్ పక్కన ఇంకో సూపర్ బౌల్ ఉండదు. చూడటం మానేసినవాడు పోగొట్టుకునేది ఆటనొక్కదాన్నే కాదు, మర్నాడు ఆఫీసులో మాట్లాడుకునే మాటనూ.

టేలర్ స్విఫ్ట్ ఉదంతంలో ఈ వ్యాఖ్యానం తన నీడను తానే చూసి ఉలిక్కిపడింది. నాష్‌విల్ కంట్రీ సంగీతంతో మొదలై ప్రపంచ ఖ్యాతికి చేరిన గాయని, కాన్సాస్ సిటీ ఆటగాడు ట్రావిస్ కెల్సీని ప్రేమించి, 2023 సెప్టెంబరు నుంచి అతని మ్యాచ్‌లకు వెళ్లి చప్పట్లు కొట్టింది. సంప్రదాయవాదులు పాతరోజుల గురించి గీసుకునే బొమ్మకు ఇంతకన్నా దగ్గరి జంట దొరకదు. అయినా ఆమె 2020లో బైడెన్‌కు మద్దతిచ్చిందని, అతను కొవిడ్ టీకా ప్రకటనలో కనిపించాడని లెక్కలు తీసి, ఇదంతా ఎన్నికల కోసం పన్నిన పథకమన్నారు. ఈ జంటను కృత్రిమంగా పైకి లేపుతున్నారని, సూపర్ బౌల్ ఎవరు గెలుస్తారో చూడండని 2024 జనవరిలో రాసినవాడు రిపబ్లికన్ నాయకుడు వివేక్ రామస్వామి. ఫిబ్రవరిలో కాన్సాస్ సిటీ అదనపు సమయంలో 25-22 తేడాతో గెలిచింది. అదే నెలలో మన్‌మత్ విశ్వవిద్యాలయ సర్వేలో ప్రతి అయిదుగురిలో దాదాపు ఒకరు ఈ రహస్య పథకాన్ని నమ్ముతున్నట్టు తేలింది. ఆమె సెప్టెంబరులో కమలా హారిస్‌కు మద్దతు ప్రకటించినప్పుడు ట్రంప్ తనకు ఆమె అంటే ద్వేషమని పెద్ద అక్షరాల్లో రాశారు. మరుసటి ఏడాది నిశ్చితార్థం జరిగినప్పుడు శుభాకాంక్షలు చెప్పారు. మధ్యలో మారింది ఎన్నిక అయిపోవడం ఒక్కటే.

ఇదే రామస్వామి తర్వాత రాసిన మాటలు తెలుగు ఇళ్లను నేరుగా తాకాయి. 2024 డిసెంబరు 26న హెచ్-1బీ వీసాల రగడ మధ్యలో, అమెరికా సంస్కృతి ప్రతిభను కాక మామూలుతనాన్ని నెత్తిన పెట్టుకుందని, గణిత ఒలింపియాడ్ విజేత కన్నా ప్రామ్ (హైస్కూల్ నృత్య వేడుక) రాణిని, తరగతిలో మొదటివాడి కన్నా మైదానంలోని కండల వీరుణ్ణి మెచ్చుకుంటుందని ఆయన తేల్చారు. ఉదాహరణలుగా తొంభైల నాటి టీవీ హాస్య ధారావాహికల పాత్రలను పేరుపేరునా తెచ్చారు. హెచ్-1బీ అనుమతుల్లో 70 శాతానికి పైగా భారతీయులవే. వారిలో తెలుగువారి వాటా ఎంత పెద్దదో డల్లాస్ శివార్లలోనో ఎడిసన్‌లోనో ఒక శనివారం గడిపినవారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ ఇళ్లలో పిల్లలను స్పెల్లింగ్ బీకీ గణితం కోచింగ్‌కీ తిప్పే తల్లిదండ్రులకు ఆయన మాట తమ మాటలాగే వినిపించి ఉండాలి. ట్రంప్ అభిమానులకు మాత్రం అది తమ బాల్యం మీద, తమ శుక్రవారం రాత్రి హైస్కూల్ ఫుట్‌బాల్ మీద ఉమ్మినట్టు తోచింది. కొన్ని రోజుల పాటు సొంత శిబిరమే ఆయన మీద విరుచుకుపడింది. టేలర్ స్విఫ్ట్‌ను అనుమానించినప్పుడు రాని కోపం ఇప్పుడెందుకు వచ్చిందంటే, అప్పుడు ఆయన రచ్చబండను కాపాడుతున్నవాడిలా కనిపించాడు. ఇప్పుడు ఆ రచ్చబండే చెత్తదని అన్నాడు. వలస వచ్చిన తల్లిదండ్రుల కొడుకు ఆ మాట అనడం దెబ్బను రెట్టింపు చేసింది. సంప్రదాయవాదమంటే కష్టపడి చదవడమా, లేక మన ఊరి ఆటనూ మన మందినీ ప్రేమించడమా అన్న తగువు ఆ శిబిరంలో ఇంకా తెగలేదు.

బ్యాడ్ బన్నీ విషయానికి మళ్లీ వస్తే, 2025 సెప్టెంబరు చివర ఆయన పేరు వెలువడగానే దాడి రెండు కారణాలతో మొదలైంది: ఆయన స్పానిష్‌లో పాడతాడు, వలస అధికారులు తన అభిమానులను పట్టుకుంటారన్న ఆందోళనతో తన పర్యటన నుంచి అమెరికా ప్రధాన భూభాగాన్ని తప్పించాడు. ఆయనెవరో తాను విననే లేదని ట్రంప్ అన్నారు. అదే నెల 10న యూటా రాష్ట్రంలో హత్యకు గురైన చార్లీ కిర్క్ స్థాపించినదే టర్నింగ్ పాయింట్ యూఎస్ఏ. ఆ శోకమూ ఆ కసీ పోటీ కచేరీ ఆలోచనకు ఊపునిచ్చాయనడంలో అనుమానం లేదు. లీగ్ ఎంపికలో మాత్రం విప్లవమేదీ లేదు. సావో పాలోలో, మాడ్రిడ్‌లో మ్యాచ్‌లు ఆడించి కొత్త మార్కెట్ల కోసం తిరుగుతున్న వ్యాపార సంస్థ అది. 2017లో ట్రంప్ ప్రమాణస్వీకార వేడుకకు పది లక్షల డాలర్ల చొప్పున ఇచ్చిన యజమానులు అందులో పలువురున్నారు. సంప్రదాయవాద వ్యాఖ్యాతలు వామపక్షమని తిట్టేది చాలాసార్లు తమకు ప్రియమైన మార్కెట్‌నే.

2004లో శిక్షించమని ప్రభుత్వాన్ని అడిగినవారు, 2017లో ప్రేక్షకులను లేచి వెళ్లిపొమ్మన్నవారు, 2026లో సొంత వేదిక కట్టుకున్నారు. నచ్చనిది ఆపమనకుండా నచ్చినది పాడుకోవడం మొదటి రెండింటికన్నా మర్యాదైన పద్ధతే. అయితే ఉమ్మడి వేదిక మీద తమకు చోటు లేదని ఒప్పుకోవడం కూడా అందులో ఉంది; అది ‘అసలైన అమెరికా మేమే’ అన్న వాదానికి బొత్తిగా పొసగదు.

ఈ పోటీ విరామం ఆలోచన కూడా పాతదే. 1992 జనవరిలో మినియాపొలిస్‌లో సూపర్ బౌల్ విరామానికి మంచు స్కేటింగ్ తారలతో శీతాకాలపు వేడుక నడుస్తుండగా, ఫాక్స్ టీవీ తన హాస్య కార్యక్రమం ‘ఇన్ లివింగ్ కలర్’ ప్రత్యేక ప్రసారం వేసింది. కీనెన్ ఐవరీ వేయన్స్ బృందం, ఎక్కువమంది నల్లజాతి హాస్యనటులు, మోటు హాస్యం. మర్యాద గురించి ఫిర్యాదు చేసేవారికి నచ్చే సరుకు ఏమాత్రం కాదు. తెర మూలన ఒక గడియారం రెండో సగం మొదలు కావడానికి ఇంకెంత సమయం ఉందో చూపిస్తూ ఉంది, ప్రేక్షకుడు ఆట తప్పిపోతానని కంగారు పడకుండా. 2 కోట్ల మందికి పైగా చానెల్ మార్చారు. దెబ్బకు లీగ్ మరుసటి ఏడాదే మైకేల్ జాక్సన్‌ను తెచ్చింది. ఇప్పుడు మనం చూస్తున్న భారీ విరామ కచేరీ అలా పుట్టింది.

ఫాక్స్ అధిపతి మర్డోక్ అక్కడితో ఆగలేదు. 1993 డిసెంబరులో సీబీఎస్ చేతిలోని ఫుట్‌బాల్ హక్కులనే నాలుగేళ్లకు 158 కోట్ల డాలర్లిచ్చి కొనేశాడు. 2025 ఫిబ్రవరిలో న్యూ ఆర్లీన్స్‌లో సూపర్ బౌల్ విరామంలో ర్యాప్ గాయకుడు కెండ్రిక్ లమార్ అమెరికా జెండాలా పేర్చిన నృత్యకారుల బారును మధ్యకు చీల్చి నిలబడినప్పుడు, ట్రంప్ స్టేడియంలోనే ఉన్నాడు. అది జాతీయ సమైక్యతను చీల్చడమేనని వ్యాఖ్యాతలు మర్నాడంతా మండిపడ్డారు. ఆ ప్రదర్శనను 13 కోట్లకు పైగా ప్రేక్షకులకు చేర్చిన చానెల్ ఫాక్స్. ఆ రాత్రి 30 సెకన్ల ప్రకటనకు 80 లక్షల డాలర్ల దాకా పలికింది.